శనివారం ఎవరిది? మా పేట పిల్లలు, మహేంద్రగిరి



మా పిల్లలతో కొండకి వెళ్లొచ్చిన సంగతి రాయమని చాలామంది అడుగుతున్నారు. ఎలా వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి అన్నది రెండు పేరాల్లో చెప్పొచ్చు. వెళ్లడానికి ముందు నెలన్నర ఏం జరిగిందన్నది అంత తొందరగా చెప్పలేను. అందుకే ఇది కాస్త పొడుగ్గా ఉంటుంది. తీరుబడిగా చదవండి.

ముందు శనివారం దగ్గర మొదలుపెడతాను. మేం వేసుకున్న కార్యక్రమం శనివారం మధ్యాహ్నం బయల్దేరి ఆదివారం రాత్రికి ఇంటికి చేరడం. కాలేజీ పిల్లలకు అది మామూలు విషయం. 'వీకెండ్ ట్రెక్' అని వాళ్లే పేరు పెట్టేశారు. మా జట్టులో కాలేజీ పిల్లలు సగమే. మిగతా సగంలో జీడి పిక్కలు వొలిచే పనికి వెళ్లే అమ్మాయిలు ముగ్గురు, కొబ్బరి పీచు యూనిట్లో పనిచేసే అబ్బాయిలు ఇద్దరు, పెళ్లిళ్లకు టెంట్లు కట్టేవాడొకడు, భువనేశ్వర్‌లో వెల్డింగ్ పని మానుకుని వచ్చి ఇంటి దగ్గర ఉన్నవాడొకడు ఉన్నారు. వీళ్లకు శనివారం అంటే కూలి వచ్చే రోజు. ఒక పూట మానేస్తే ఆ పూట డబ్బు పోతుంది, పైగా 'ఇది ఎగ్గొట్టీ రకం' అన్న పేరొస్తుంది. "అక్కా, మీకు వీకెండు, మాకు నాగా" అంది పిక్కల పనికెళ్లే అమ్మాయి. మీటింగులో దాని తర్వాత ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

ఆ రోజే వాళ్లకి నారాయణ మేఘాజీ లోఖండే గురించి చెప్పాను. జోతిరావు ఫూలే సహచరుడు, సత్యశోధక సమాజంలో పనిచేసినవాడు. బొంబాయి బట్టల మిల్లుల్లో కార్మికులు వారంలో ఏడు రోజులూ పనిచేసే కాలంలో, ఏళ్ల తరబడి అర్జీలూ సభలూ పెట్టి, 1890 జూన్ 10న ఆదివారం సెలవు సాధించాడు. ఆదివారం అంటే చర్చి, చికెన్ అనుకునే మా పిల్లలకు, ఆ సెలవు వెనక మనవాళ్ల పోరాటం ఉందని అప్పుడే తెలిసింది. తెలిసినంత మాత్రాన శనివారం కూలి తిరిగి రాదు కదా. కాబట్టి బయల్దేరే వేళ సాయంత్రం మూడున్నరకి మార్చుకున్నాం. ఉదయం పూట పనికి వెళ్లి వచ్చేవాళ్లు వెళ్లొచ్చారు. చేతివేళ్లకి జీడి జిడ్డు మరకలతోనే బండెక్కారు. మేస్త్రీని ఒప్పించడానికి ఆ అమ్మాయి ఏం చెప్పిందో నేను అడగలేదు.

కొండే ఎందుకు అంటారేమో. వాన వెలిసి గాలి తేటపడిన రోజు కవిటి వైపు నుంచి పడమటికి చూస్తే కొబ్బరి తలల మీదుగా మహేంద్రగిరి నీలంగా కనిపిస్తుంది. ఎత్తు 1501 మీటర్లు. శిఖరం ఒడిశాలో, గజపతి జిల్లాలో ఉంటుంది. ఇటువైపు పాదాలు మన మందస మండలంలో. మందస దగ్గర పుట్టి పెరిగినవాళ్లు శివరాత్రికి నడిచి ఎక్కుతారు. పైన రాతి గుళ్లున్నాయి, కుంతి గుడి, భీముడి గుడి, ధర్మరాజు గుడి అని పిలుస్తారు. రాజేంద్ర చోళుడు గెలిచి వేయించిన శాసనం ఒకటి ఉంది. సముద్రగుప్తుడి అలహాబాదు ప్రశస్తిలో కూడా ఈ కొండ పేరొస్తుంది. గెలిచిన రాజుల పేర్లు రాళ్ల మీద ఉన్నాయి, ఆ రాళ్లు మోసి పైకి చేర్చిన వాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు. మా పేటలో అరవై దాటిన వాళ్లలో ఆ కొండ ఎక్కినవాళ్లు లెక్కపెడితే ఒక్క చేతి వేళ్లు కూడా నిండలేదు. పుట్టినప్పట్నుంచీ కళ్లెదురుగా ఉన్న కొండ అది.

ముసలివాళ్లని అడిగితే ఇంకో కారణం బయటపడింది. ఒక మామ్మ తన మనవరాలిని పంపనని తెగేసి చెప్పింది. "కొండకి ఎల్తే పోలీసులొచ్చి ఇల్లు తవ్వీస్తారు" అంది. పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. శ్రీకాకుళ పోరాటం నాటి సంగతి అది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలను భూస్వాముల మనుషులు కాల్చి చంపిన తర్వాత కొండలన్నీ రాజుకున్నాయి. మరుసటి ఏడాదికి ఉద్దానం కూడా అందులో ఉంది. బొడ్డపాడు పంచాది కృష్ణమూర్తిది. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ ఈ ఊళ్లలోనే మోగింది. 1969 డిసెంబరులో రంగమటియా కొండల్లో ఆయన్ని చంపేశారు. ఆ రోజుల్లో 'కొండకెళ్లాడు' అంటే దళంలో కలిశాడని అర్థం. తిరిగి వస్తే వెనకాల పోలీసులొస్తారు, రాకపోతే శవం వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. మామ్మకి అప్పుడు పదీ పన్నెండేళ్లు. నేను రెండు సాయంత్రాలు ఆవిడ అరుగు మీద కూర్చున్నాను. ఒప్పించడానికని కాదు, వినడానికి. రెండో రోజు ఆవిడే, "ఆధార్ కాయితం జేబులో ఎట్టుకోమను" అంది. అందరం ఆధార్ జిరాక్సులు పట్టుకెళ్లాం. అటవీ శాఖ వాళ్లకి పేర్ల జాబితాతో ముందే ఉత్తరం ఇచ్చాం. రాష్ట్రం సరిహద్దు దాటుతాం కాబట్టి అది ఎలాగూ అవసరం.

మా ఊళ్లో నడక గురించి ఎవరూ మాకు కొత్తగా నేర్పక్కర్లేదు. మా అమ్మలు బుట్టతో తోటలకి నడిచినవాళ్లే. మా నాన్నలు కొబ్బరికాయల కావిడి మోసినవాళ్లే. ఊరివాళ్ల శవానికి కట్టెలు మోసి నడిచారు, డప్పు కొడుతూ ముందు నడిచారు. పనికోసం కాకుండా, ఎవరూ పిలవకుండా, ఏ బరువూ దించిరానక్కర్లేకుండా నడవడం మాత్రం మావాళ్లకి అలవాటు లేదు. "ఏటికీ పనికిరాని నడక ఎందుకే?" అని నన్ను మా పెద్దమ్మే అడిగింది. దానికి జవాబు నాకు ఇప్పటికీ పూర్తిగా తెలీదు. పూర్ణ, ఆనంద్‌ల పేర్లు చెప్పాను. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల లంబాడీ కూలీల బిడ్డ. ఆమెతో పాటు ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా దళిత కుటుంబం పిల్లాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. వాళ్ల కథని అద్భుతంలాగా చెప్పేవాళ్లంటే నాకు విసుగు. భువనగిరి రాళ్ల మీద శిక్షణ, డార్జిలింగ్‌లో శిక్షణ, లడఖ్ చలి, వేళకి తిండి, కాలికి సరైన బూటు, వెనక నిలబడ్డ అధికారి ప్రవీణ్ కుమార్, శిక్షకుడు శేఖర్ బాబు. ఇవన్నీ అందితే మన పిల్లలు ఎక్కుతారు. అందకపోతే మన పిల్లలే కాదు, ఎవరి పిల్లలూ ఎక్కరు.

బూట్ల దగ్గర మా సంగతి చూడండి. ఆర్మీకి, పోలీసు ఉద్యోగాలకి పరుగు సాధన చేసే నలుగురికే బూట్లున్నాయి. తెల్లారి నాలుగింటికి హైవే పక్కన పరిగెత్తే పిల్లలు వీళ్లు. మిగతావాళ్లు చుట్టాల దగ్గర అరువు తెచ్చుకున్నారు. ముందు రెండు ఆదివారాలు సముద్రం ఒడ్డున ఇసకలో రెండేసి గంటలు నడిపించాను, అరువు బూటు ఎక్కడ కొరుకుతుందో ముందే తెలియాలని. ఇద్దరికి మడమలు బొబ్బలెక్కాయి. వాళ్లు వెనక పట్టీ ఉన్న చెప్పులకి మారిపోయారు. ఆ చెప్పులతోనే ఎక్కారు కూడా.

ఇప్పుడు అసలు సంగతి.

ఉద్దానంలో పిల్లల్ని కొండ ఎక్కిస్తానంటే మొదట ఆలోచించాల్సింది కిడ్నీల గురించి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ మండలాల్లో కిడ్నీ రోగి లేని పేట ఉందా? షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా, పొలంలో పనిచేసే నలభై ఏళ్ల మనిషికి, ఏ నొప్పీ చెప్పకుండా కిడ్నీలు పోతాయి. కారణం ఇదీ అని తేల్చి చెప్పినవాళ్లు ఇంతవరకూ లేరు. నీళ్లా, మందులా, ఎండలో ఒళ్లు ఎండిపోవడమా, ఇవన్నీ కలిసా. నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడ మండుటెండలో నీళ్లు లేకుండా పనిచేయడం మీద పరిశోధకుల అనుమానం బలంగా ఉంది. పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్లొచ్చాయి. వాటి కోసం రెండు తరాలు చచ్చిపోవాల్సి వచ్చింది.

కాబట్టి పేరిచ్చిన 26 మందికీ ముందు బీపీ చూపించి, సీరం క్రియాటినిన్ పరీక్ష చేయించాలని పట్టుబట్టాను. కొందరు తల్లిదండ్రులకి కోపం వచ్చింది. "లేని రోగం తెచ్చిపెడతావా?" అన్నారు. పెళ్లి కావాల్సిన అమ్మాయి పేరు ఆ రిజిస్టరులో ఉంటే సంబంధాలు రావని ఒకావిడ భయం. ఆ భయంలో అబద్ధం లేదు. ఉద్దానం పిల్లని చేసుకోవడానికి వెనకాడే ఊళ్లున్నాయి. ఇద్దరు పరీక్షకి రాకుండా మానేశారు, కొండకీ రాలేదు. మిగతా 24 మందీ చేయించుకున్నారు.

ఇరవై మూడు మందికి బాగానే ఉంది. ఒకడికి 2.1 వచ్చింది. మామూలుగా 1.2 లోపు ఉండాలి.

వాడికి 22 ఏళ్లు. వాడి పేరు రాయను. మా జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తేవాడు, ఆర్మీకి రెండుసార్లు వెళ్లొచ్చాడు. వాళ్ల నాన్న డయాలసిస్ మీద నాలుగేళ్లుండి పోయాడు. కాగితం చేతికిచ్చినప్పుడు వాడు ఏమీ అనలేదు. సాయంత్రం ఫోన్ చేసి, "అప్పా, మా అమ్మకి సెప్పకు" అన్నాడు. వాడే చెప్పాలి, నేను పక్కన కూర్చుంటాను అన్నాను. మూడు రోజుల తర్వాత చెప్పాడు. ఆ తల్లి ఏడవలేదు. లేచి వెళ్లి మొగుడి పాత మందుల సంచి తీసి, అందులోంచి నొప్పి బిళ్లలు ఏరి బయట పారేసింది. నాలుగేళ్లు ఆసుపత్రి చుట్టూ తిరిగిన ఆ మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేకుండా అది తెలుసు. కబడ్డీ ఆడి, పరుగు తీసి కాళ్లు నొప్పులంటే మన కుర్రాళ్లు దుకాణంలో కొనుక్కుని మింగే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి కిడ్నీ మీద పనిచేస్తాయి. ఆర్మీ పరుగుకి తయారయ్యే పిల్లలు వీటిని చాక్లెట్లలా తింటున్నారు. ఈ ఒక్క ముక్క మీ ఊళ్లో అందరికీ చెప్పండి, మిగతా వ్యాసం చదవకపోయినా ఫర్వాలేదు.

డాక్టరు వాడిని ఎండలో కొండ ఎక్కొద్దన్నారు, మామూలు నడకకి అడ్డు లేదన్నారు. "అయితే నాను రానా?" అన్నాడు. కొండ కింద గూడెం దాకా రమ్మన్నాను. జాబితా, ఫోన్లు, లెక్కలు అన్నీ వాడి చేతికిచ్చాం. వాడి మీద జాలితో చేసిన పని కాదు అది. ఎవరు పైకి వెళ్లారో ఎవరు దిగారో కింద ఒక మనిషి కూర్చుని లెక్క చూసుకోకపోతే కొండ దగ్గర జట్టుని నడపలేం.

రెండో గొడవ రాత్రి బస గురించి. కొండకి వెళ్లే దారిలో ఒక ఊళ్లో ఒక సత్రంలాంటి హాలు ఉంది. ఊరి పేరు రాయను. ఫోనులో సరే అన్నారు. అడ్వాన్సు ఇవ్వడానికి మా కుర్రాళ్లు ఇద్దరు వెళ్లారు. "ఏ ఊరు బాబూ?" "కవిటి దగ్గరండి." "ఏ ఈదోలు?" ఏ వీధి అని అడిగితే ఏం అడిగినట్టో మీకు చెప్పక్కర్లేదు. కుర్రాళ్లు దాచలేదు, చెప్పారు. మర్నాడు ఫోను వచ్చింది. హాలుకి రంగులు వేయిస్తున్నామని.

ఆ రాత్రి మీటింగులో 'వీసా కోసం నిరీక్షణ' తీశాం. బాబాసాహెబ్ జీవితంలోని ఆ ముక్కలు మీలో చాలామంది చదివే ఉంటారు. పదో ఏట బండివాడు తోలనన్న సంఘటన, బరోడాలో పార్సీ సత్రం సంఘటన అందరికీ గుర్తుంటాయి. దౌలతాబాద్ కోట సంఘటనలో ఒక చిన్న సంగతి మాత్రం అంతగా గుర్తుండదు. 1934లో ఉద్యమంలో తనతో పనిచేసే సహచరులు, ఆయన కూడా వస్తే, ఊళ్లు చూసి రావాలని కోరుకున్నారు. ఆయన సరేనన్నాడు. దాదాపు ముప్పై మంది. వేరుల్ గుహలు చూడాలని ప్రయాణం. ఉద్యమకారులు కూడా మనుషులే, వాళ్లకీ గుహలూ కోటలూ చూడాలనిపిస్తుంది! అంటరానివాళ్లు యాత్ర చేస్తే ఎదురయ్యే ఇబ్బందులు తెలుసు కాబట్టి, తాము ఎవరో చెప్పుకోకుండా వెళ్లాలని, ఆగే ఊళ్లలో వాళ్లకి మాత్రమే ముందుగా కబురు చేయాలని అనుకున్నారు. దౌలతాబాద్ కోట గుమ్మం దగ్గర చిన్న చెరువులో ప్రయాణం దుమ్ము కడుక్కున్నందుకు ఒక ముసలాయన చెరువు మైలపడిందని అరుస్తూ వచ్చాడు, జనం పోగయ్యారు. వాళ్లు ముస్లింలు. మేం మతం మారి వస్తే కూడా ఈ నీళ్లు ముట్టనివ్వరా అని ఆయన ఎదురు అడిగేసరికి నోళ్లు మూతపడ్డాయి. అయినా కోట లోపలికి సాయుధుడైన కాపలాదారు వెంట వచ్చాడు, నీళ్లు ముట్టుకోకుండా చూడ్డానికి.

అది చదివాక మా వెల్డింగ్ తమ్ముడు ఒక మాటన్నాడు. "అయినా కోట సూసే ఎల్లినారు కదా." అవును. చూసే వెళ్లారు. మేమూ బస మార్చుకున్నాం. ఆ హాలు మీద ఫిర్యాదు పెట్టాలా వద్దా అన్నది వేరే చర్చ. సాక్ష్యం ఏముంది, రంగుల కబురే కదా. కొందరు ఇప్పటికీ నాతో ఒప్పుకోవడం లేదు.

మాకు చోటిచ్చింది కొండ కింద సవర గూడెం. బడి వరండా. గూడెం పెద్దలని ముందే వెళ్లి అడిగాం. ఇక్కడ మా పిల్లలకి నేను గట్టిగా చెప్పిన సంగతి ఒకటుంది. కింద ఊళ్లో మనల్ని ఏ వీధి అని అడుగుతారు, నిజమే. గూడెంలోకి అడుగుపెట్టాక మనం కింద నుంచి వచ్చిన వాళ్లం. అడక్కుండా ఫోటో తీయడం, జీడిమామిడి కొమ్మ వంచడం, ఊటలో సబ్బు కలపడం, ఖాళీ ప్యాకెట్లు పారేయడం చేస్తే ఆ హాలువాడికీ మనకీ పెద్ద తేడా ఉండదు. దారి చూపడానికి ఇద్దరు సవర కుర్రాళ్లు వచ్చారు, రోజుకి 700 కూలి మాట్లాడుకున్నాం. 'మనవాళ్లే కదా' అని బేరమాడలేదు.

ఇక మా లోపలి సంగతి. దీన్ని దాటేసి రాయొచ్చు, చాలామంది దాటేస్తారు. మా జట్టులో మాలలు ఎక్కువ, రెల్లి పిల్లలు ఇద్దరు, దండాసి పిల్లాడొకడు. వంట ఎవరు చేయాలని చీటీలు వేస్తే దండాసి పిల్లాడి పేరు, ఒక రెల్లి అమ్మాయి పేరు వచ్చాయి. చీటీ తెరిచిన వెంటనే ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు ఒక తల్లి నా దగ్గరకొచ్చి, "మావోడికి కడుపు నొప్పి ఉంటాది, ఇంటి కూడే అట్టుకెల్తాడు" అంది. ఇంకొకడు నేరుగా, గుండిగ తోమే పని వాళ్లకిచ్చి వంట మనం చేద్దాం అన్నాడు. అంబేడ్కర్ బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని అన్నాడు ఆ మాట! సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1 తీర్పు తర్వాత, మన రాష్ట్రంలో వర్గీకరణ అమల్లోకి వచ్చాక, వాట్సాప్‌లో రోజూ ఒకరినొకరు తిట్టుకుంటున్నాం. ఎవరి వాటా ఎంత అన్నదాని మీద ఎవరికి ఏ అభిప్రాయమైనా ఉండొచ్చు, అది మాట్లాడుకునే విషయమే. ఎవరి చేతి కూడు తింటాం అన్నది మాత్రం మన జట్టులో చర్చకి పెట్టే అంశం కాదు అన్నాను. చీటీలు అలాగే ఉంచాం. శనివారం రాత్రి వరండా ముందు అన్నం, పప్పు, కోడిగుడ్ల కూర. ఆ పిల్లాడు వండిన గుడ్ల కూర నిజంగా బాగుంది, నెత్తళ్లు లేకుండా అంత రుచి ఎలా వచ్చిందో. ఇరవై మంది తిన్నారు. ఒకడు మూలన కూర్చుని ఇంటి డబ్బా తెరుచుకున్నాడు. వాడిని ఎవరూ ఏమీ అనొద్దని ముందే చెప్పాను, అనలేదు. ఆదివారం పొద్దున వాడి డబ్బా పులిసిపోయింది. అటుకులు మాత్రం తిన్నాడు, అటుకులు ఎవరి చేతివి అని అడగలేదు. ఇంతకంటే ఆ కథ ముందుకు వెళ్లలేదు.

ఎక్కినవాళ్లం చీకటితో ఐదింటికి మొదలుపెట్టాం. కూల్‌డ్రింకుల ఖాళీ సీసాలు, రెండు లీటర్లవి, మనిషికి రెండు. ఓఆర్‌ఎస్ పొట్లాలు. మూత్రం రంగు చూసుకోవాలి, గడ్డి రంగు కంటే ముదురుగా ఉంటే ఆగి నీళ్లు తాగాలి అని చెప్పినప్పుడు అమ్మాయిలు మొహాలు దాచుకుని నవ్వారు. తీరా ఎక్కేటప్పుడు వాళ్లే ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు, "ఏ రంగే?" అని. అమ్మాయిలకి ఇంకో చిక్కుంది. బయటికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగరు. బస్సులో అంతే, ఫ్యాక్టరీలో అంతే. అందుకని గంటకోసారి అమ్మాయిలు ముందు, అబ్బాయిలు వెనక ఆగిపోవాలని నియమం పెట్టాం. ఏ గైడు పుస్తకంలోనైనా ఈ నియమం ఉందో లేదో గానీ, నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యమైనది. ఎవరి సంచి వాళ్లే మోయాలి అన్నది ఇంకో నియమం. వెల్డింగ్ తమ్ముడు రెండుసార్లు అమ్మాయిల సంచులు లాక్కోబోయి రెండుసార్లు తిట్లు తిన్నాడు.

ఎక్కడున్నా సరే పదకొండున్నరకి వెనక్కి తిరగాలి అని ముందే అనుకున్నాం. తొమ్మిది దాటాక జట్టు రెండుగా విడిపోయింది, చెరో సవర తమ్ముడు ముందు. మొదటి జట్టు పదకొండు మంది, అందులో ఐదుగురు అమ్మాయిలు, పదకొండింటికి గుళ్ల దగ్గరికి చేరారు. పిక్కల పనికెళ్లే ముగ్గురూ అందులోనే ఉన్నారు. రోజంతా గొంతుక్కూర్చుని చేసే పని వాళ్ల తొడలకి ఏం నేర్పిందో! మిగతా ఎనిమిది మందీ నేనూ శిఖరం చూడలేదు. రాళ్ల మీద కూర్చుని సముద్రం వైపు చూశాం. మంచు పొర కింద కొబ్బరి తోటలు ఒక పచ్చటి గీతలాగా, దాని వెనక తెల్లగా నీళ్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ గీతని ఒక్క రాత్రిలో నేలకేసి కొట్టింది. ఆ తర్వాతే పీచు యూనిట్ తమ్ముడి అన్న వలస వెళ్లాడు. పైనుంచి ఊళ్లు గుర్తుపట్టే ఆట ఆడారు. ఎవరి పేట ఎక్కడుందో చెప్పలేకపోయారు, పైనుంచి పేటా ఊరూ అన్నీ కొబ్బరి కిందే ఉన్నాయి. ఒకమ్మాయి మాత్రం, "మన పేట సముద్రం పక్క చివర్న ఉంటాది, ఎతికితే దొరుకుద్ది" అంది.

ఇంకో పిల్ల, మామ్మ మనవరాలు, కాసేపటికి అడిగింది: "పైకి ఎల్లనోలు ఓడిపోనట్టా అప్పా?" నియమం పెట్టుకున్నాం, నియమం ప్రకారం తిరిగాం అన్నాను. ఆమెకి నా జవాబు నచ్చలేదు. మళ్లీ వస్తానంది.

దిగేటప్పుడు ఒకడికి మడమ మెలిపడింది. పట్టీ కట్టి, చెరో వైపు పట్టుకుని దింపాం. నొప్పి బిళ్ల అడిగాడు, ఇవ్వలేదు, తిట్టుకుంటూ దిగాడు. సాయంత్రం ఐదుంబావుకి కింద కూర్చున్న తమ్ముడు జాబితాలో ఆఖరి పేరు మీద టిక్కు పెట్టాడు. రోజంతా వాడు ఊరికే కూర్చోలేదు. గూడెంలో ముసలివాళ్ల దగ్గర కూర్చుని, ఎవరికి బీపీ ఉంది, ఎవరు ఎప్పుడు పరీక్ష చేయించుకున్నారు అని రాసుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, వాడికే తోచింది. ఆ కాగితం ఏఎన్‌ఎంకి ఇచ్చాం.

లెక్కలు. నాతో కలిపి 21 మంది, మనిషికి 200 చొప్పున 4,200. ఉద్యోగాల్లో ఉన్న ముగ్గురు మిత్రులు రెండేసి వేలు ఇచ్చారు. మొత్తం 10,200. రెండు బళ్లకి రానూపోనూ 5,000. దారి చూపినవాళ్లకి రెండు రోజులకి 2,800. పప్పు, గుడ్లు, కూరగాయలు, నూనె 1,460. బియ్యం ఎవరింటి నుంచి వాళ్లు తెచ్చారు. ఓఆర్‌ఎస్, పట్టీలు 280. కట్టెలకీ పాత్రలకీ గూడెంలో 300 ఇచ్చాం. మిగిలింది 360. ఒక నాయకుడు తన ఫోటో ఉన్న టీషర్టులు ఇస్తానన్నాడు, వద్దన్నాం. పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించాం, ఖర్చు లేదు. మీ ఊళ్లో చేయాలనుకుంటే ఆసుపత్రివాళ్లతో పదిహేను రోజుల ముందు మాట్లాడుకోండి.

తమ్ముడికి నెల తర్వాత మళ్లీ చూపించాం, 2.0 ఉంది. పలాస ఆసుపత్రిలో పేరు రాయించాడు, మూడు నెలలకోసారి వెళ్లాలి. పరుగు మానేశాడు. ఇప్పుడు పొద్దున్నే నాలుగింటికి హైవే మీద పరిగెత్తే కుర్రాళ్ల దగ్గరకి వెళ్లి నొప్పి బిళ్లల గురించి చెబుతున్నాడు. వాళ్లు వింటున్నారా అంటే, కొందరు వింటున్నారు.

తర్వాతి నడక బీల మీదుగా బారువ దాకా. 2010 జులై 14న సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు పోలీసు కాల్పులు జరిగిన నేల, ఆ బీల చిత్తడి ఇప్పటికీ అలాగే ఉంది, కొంగలూ గేదెలూ చేపలూ అన్నీ ఉన్నాయి. ఎండలు ముదరకముందే వెళ్లాలి. ఈసారి బయల్దేరేది ఆదివారం తెల్లారి, శనివారం ఎవరూ నాగా పెట్టక్కర్లేదు. వచ్చేవాళ్లు రెండు లీటర్ల సీసా, పళ్లెం తెచ్చుకోండి. వంట చీటీలు వచ్చే మీటింగులో వేస్తాం.